పెట్టెకు ఊపిరి, ఇంటికి నెమ్మది

గత వైశాఖమున విజయవాడలో మా అక్కగారి యింట నొక వారము గడపితిని. రాత్రి పది గంటలు దాటినను గోడలు పగటి వేడిని కక్కుచున్న ఆ దినములలో, పరీక్షలు ముగించుకొని విశ్రాంతిగా నున్న నా మేనల్లుడు, తండ్రి ప్రీతితో కొనియిచ్చిన గేమింగు కంప్యూటరు ముందు కూర్చుండి ఆడుకొనుచుండగా, అదే గదిలో మంచముపై మేను వాల్చిన మా అమ్మ నిద్రపట్టక అటునిటు పొరలి, తుదకు లేచి కూర్చుండి, "ఏరా అబ్బాయీ, ఆ పెట్టె అలా రొప్పుతోందేమిట్రా? దానికి ఊపిరాడటం లేదేమో చూడరాదూ?" అని అడిగినది. వాడు చెవులకున్న హెడ్‌ఫోనులు తొలగించి, "ఎండాకాలం కదా అమ్మమ్మా, ఫ్యాన్లు స్పీడు మీదున్నాయి. చప్పుడు తప్పదు," అని చెప్పి మరల ఆటలో మునిగెను.

మా అమ్మకు కంప్యూటరు శాస్త్రము తెలియదు. కాని పొయ్యిలను, కుంపట్లను, గాలిరాని వంటయిండ్లను ఒక జీవితకాలము ఎఱిగిన ఆమె, వేడెక్కిన వస్తువు రొప్పుచున్నదనగా దానికి గాలి అందుటలేదని వెంటనే గ్రహించినది. నా మేనల్లుని సమాధానమో, నేడు మన యువకులలో పలువురు నమ్ముచున్న యొక అపోహను వెల్లడించుచున్నది: యంత్రము చల్లగా నుండవలెనన్న అది అరవక తప్పదనియు, ఆ మ్రోతను ఇంటిల్లిపాది భరింపవలసినదే యనియు వారి యభిప్రాయము. ఈ రెండింటిలో అమ్మమ్మ పక్షమే శాస్త్రపక్షమని చెప్పుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాను. యంత్రమునకు హాని కలిగింపని ఉష్ణోగ్రత నొకదానిని హద్దుగా నేర్పరచుకొని, ఆ హద్దును దాటనంతవరకు శబ్దమును ఎంత తగ్గింపగలమో అంత తగ్గించుటయే నిజమైన సమతౌల్యము. ఉష్ణోగ్రతను కనిష్ఠమునకు దింపుటయే లక్ష్యముగా పెట్టుకొన్నవాడు తన ధనమును, తనవారి నిద్రను కూడ వ్యర్థపరచుచున్నాడు.

మొదట వేడి సంగతి. కంప్యూటరు గ్రహించిన విద్యుత్తు, అది తెరపై ఎన్ని యుద్ధములు నడపినను, ఎన్ని నగరములు నిర్మించినను, కడపట వేడిగా మారి గదిలోనికే వచ్చును. ఎన్విడియా సంస్థ 2016లో వెలువరించిన జీటీఎక్స్ 1080 అను గ్రాఫిక్స్ కార్డునకు 180 వాట్లు చాలినవి. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090కి 450 వాట్లు, 2025లో వచ్చిన 5090కి 575 వాట్లు కావలసివచ్చెను. ఇంటెల్ వారి కోర్ ఐ9-14900కే ప్రాసెసరు ఒక్కటియే భారము పడినప్పుడు 253 వాట్ల వరకు గ్రహించును. ఇవి శ్రీమంతుల యంత్రములని త్రోసివేసి, 400 వాట్లు వాడు ఒక సాధారణమైన యంత్రమును తీసికొన్నను, ఊరక కూర్చున్న మనిషి శరీరమునుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడునని గుర్తుంచుకొన్నచో, తలుపులు మూసిన చిన్న గదిలో మఱి నలుగురిని కూర్చుండబెట్టినంత వేడిని ఆ పెట్టె ఒంటరిగా పుట్టించుచున్నదని తెలియును.

ఈ వేడిని బయటికి మోసికొనిపోవునది గాలి. గాలి ఎంత కావలెనన్న ప్రశ్నకు ఊహతో పనిలేదు. పాఠశాలలో చదివిన లెక్కయే చాలును. పెట్టెలోనికి వచ్చిన గాలి వెలుపలికి పోవునప్పటికి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కవలెనని కోరుకొన్నచో, 400 వాట్లను తరలించుటకు గంటకు సుమారు 125 ఘనమీటర్ల గాలి కావలెను. 120 మిల్లీమీటర్ల మేలైన ఫ్యాను నిమిషమునకు 2000 భ్రమణములతో, అడ్డంకి లేనిచోట, గంటకు సుమారు 100 ఘనమీటర్ల గాలిని త్రోయగలదు. వేగమును సగము చేసిన గాలియు సగమగును గనుక, అట్టివి మూడు ఫ్యానులు నిమిషమునకు 1000 భ్రమణములతో మెల్లగా తిరిగినను, దారి నిరాటంకముగా నున్నచో, మనకు కావలసినదానికంటె ఎక్కువ గాలియే లభించును. ఆ వేగమున మంచి ఫ్యాను చేయు సవ్వడి రాత్రివేళ నిశ్శబ్దమైన గదిలో కూడ చెవియొగ్గి వినవలసినంత స్వల్పము.

ఇక గాలిని రెట్టింపు చేసితిమనుకొందము. ఆ 10 డిగ్రీలు 5 డిగ్రీలగును. మఱియొకమారు రెట్టింపు చేసిన రెండున్నర యగును. అనగా మొదటి ప్రయత్నమునకు అయిదు డిగ్రీల ఫలము, రెండవ ప్రయత్నమునకు రెండున్నర డిగ్రీల ఫలము, ఆపై ఇంకను అల్పము. మూల్యము మాత్రము అట్లు తగ్గదు. ఫ్యాను వేగము రెట్టింపైన ప్రతిసారియు దాని శబ్దము సుమారు 15 డెసిబెల్‌లు పెరుగుననియు, 10 డెసిబెల్‌ల పెరుగుదల మన చెవికి రెట్టింపు మ్రోతగా తోచుననియు ధ్వనిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఫలము సగము సగముగా కుంచించుకొనిపోవుచుండ మూల్యము అంతకంతకు పెరుగు ఈ బేరములో ఎచ్చట ఆగవలెనో తెలిసికొనుటయే వివేకము.

ఈ నియమమునే తలక్రిందులు చేసి చూచినచో ఒక మేలైన మార్గము గోచరించును. ఒక ఫ్యాను పూర్ణవేగముతో చేయు పనిని అట్టివే రెండు ఫ్యానులు సగము వేగముతో పంచుకొన్నప్పుడు, ఒక్కొక్కదాని శబ్దము 15 డెసిబెల్‌లు తగ్గును. రెండు కలిసినందున 3 డెసిబెల్‌లు పెరుగును. నికరముగా 12 డెసిబెల్‌ల లాభము. చిన్న ఫ్యానునకు బదులు 140 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యానును అమర్చినను ఇట్టి లాభమే కలుగును, ఏలయన అది నెమ్మదిగా తిరిగియే అంత గాలిని తరలింపగలదు. కావున ఫ్యానుల సంఖ్యను నేను నిందింపను. వాటిని పరుగెత్తించుటను మాత్రమే నిందించుచున్నాను.

ఇంతవరకు చెప్పినదంతయు దారి నిరాటంకముగా నున్నప్పటి మాట. మా మేనల్లుని పెట్టెలో లోపము సరిగా ఇచ్చటనే యుండెను. మఱునాటి యుదయమున మేమిద్దరము దానిని వెలుతురులోనికి లాగి చూచితిమి. ముందువైపున రంగురంగుల దీపములు వెలుగు మూడు ఫ్యానులు; వాటి ముందర నొక నిండు గాజుపలక; ఆ గాజునకు, చట్రమునకు నడుమ వ్రేలు దూరని సందు. గాలి వచ్చుటకు అదియే దారి. పైగా, ఆ పెట్టె మూడు ప్రక్కల చెక్క కప్పిన కంప్యూటరు బల్ల క్రింది అరలో, వీపు గోడకు ఆనించి యుండుటచేత, అది విడిచిన వేడిగాలి ఆ అరలోనే తిరిగి తిరిగి మరల దాని ముక్కులోనికే పోవుచుండెను. గదిలో 36 డిగ్రీలున్న ఆ పూట, ఆట నడుచుచుండగా కార్డు 83 డిగ్రీలు చూపెను. పెట్టెను అరలోనుండి బయటికి తెచ్చి, గాజుపలకను ఊడదీసి ప్రక్కన పెట్టితిమి, మఱేమియు చేయలేదు. పావుగంటలో కార్డు 75కు దిగెను. దాని ఫ్యానులు ఎవరును చెప్పకయే వేగమును తగ్గించుకొనెను. "ఇంతేనా మామయ్యా?" అని వాడు ఆశ్చర్యపడెను. ఇంతే. ఒక్క రూపాయి వ్యయము లేకుండ ఎనిమిది డిగ్రీలును, దానితోపాటు ఆ రొప్పును తగ్గినవి.

మన పూర్వులు ఇండ్లు కట్టునప్పుడు ఈ రహస్యమును మఱువలేదు. వీధి గుమ్మమునకు ఎదురుగా పెరటి గుమ్మమును నిలుపుట, నడుమ మండువా విడిచి ఆకాశమునకు తెరచుట, వంటయింటి పొగకు పైన గూడు కట్టుట, వేసవిలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చిలుకరించుట, ఇవన్నియు గాలికి రాకయు పోకయు రెండును కావలెనన్న జ్ఞానమునుండి పుట్టినవే. పోవు దారి లేనిచోటికి గాలి రాదు. వచ్చు దారి ఇఱుకైనచోట పోవు దారి ఎంత విశాలమైనను వ్యర్థము. కంప్యూటరు పెట్టెయు ఒక చిన్న యిల్లే. ముందునుండియు క్రిందినుండియు చల్లగాలి రావలెను. వెనుకనుండియు పైనుండియు వేడిగాలి పోవలెను. నేటి గ్రాఫిక్స్ కార్డులలో అధికభాగము తమ వేడిని పెట్టెలోనికే విడుచునవి గనుక, ఆ వేడిని అప్పటికప్పుడు బయటికి పంపనిచో కార్డు తాను విడిచిన గాలినే తాను పీల్చును. వచ్చు గాలి పోవు గాలికంటె కొంచెము అధికముగా నుండునట్లు చూచుకొన్నచో, చిల్లులనుండియు సందులనుండియు గాలి వెలుపలికే వచ్చును గాని లోనికి పోదు. అప్పుడు దుమ్ము ఫిల్టరు దాటి రావలసినదే. దుమ్మునకు కొఱతలేని మన యూళ్లలో ఈ యొక్క జాగ్రత్త చాలకాలము శుభ్రతను ఒసగును. ఆ ఫిల్టరును నెలకొకమారు దులుపకున్న మాత్రము అది గాజుపలకతో సమానమగును.

ఈ చింత యంత్రనిర్మాతలకును కొత్తది కాదు. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను పెట్టె ప్రమాణమును రూపొందించినప్పుడు, విద్యుత్ సరఫరా పెట్టెలోని ఫ్యాను గాలిని లోనికి ఊది ప్రాసెసరును చల్లబరచవలెనని తలచిరి. వేడెక్కిన గాలితో చల్లబరచుట పొసగకపోగా ఆ ఫ్యానును వెనుకకు త్రిప్పి గాలిని వెలుపలికి పంపసాగిరి. అటుపిమ్మట ముందునుండి వెనుకకు గాలి సూటిగా పాఱునట్లు బీటీఎక్స్ అను వేఱొక ప్రమాణమును తెచ్చిరి గాని, అది నిలువలేదు. 2006లో దానిని విడిచిపెట్టిరి. నేటికిని మన బల్లలపై నున్నది ఆ 1995 నాటి చట్రమే. వాట్లు పెరిగినవి, చట్రము మాఱలేదు. అందుచేత దానిలో గాలికి దారి కల్పించు బాధ్యత పెట్టెను చేయువానిపైనను, కొనువానిపైనను పడినది.

శబ్దమునందు పరిమాణముతో పాటు స్వభావమును కూడ గమనింపవలెను. సంగీతసభలో తంబురా మ్రోగుచుండినను మనసు దానిని తప్పుగా ఎంచదు. ఒకే స్థాయిలో నిలిచిన నాదము క్రమముగా వెనుకకు తగ్గి మఱుగుపడును. ఆగి ఆగి లేచి, పడి, మరల లేచు శబ్దమే నిద్రను చెఱచును. ప్రాసెసరు ఉష్ణోగ్రత క్షణములో పదిడిగ్రీలు ఎగసి మఱుక్షణమున దిగునది గనుక, దాని వెంట ఫ్యానులను పరుగెత్తించినచో అవి నిమిషమునకు నాలుగుమారులు ఉలికిపడి లేచును. ఏ ఉష్ణోగ్రతకు ఫ్యాను ఎంత వేగముతో తిరుగవలెనో నిర్ణయించు ఫ్యాన్ కర్వ్‌ను బయాస్‌లో సరిదిద్ది, ఉష్ణోగ్రత కొన్ని సెకనులు నిలిచిన తరువాతనే వేగము మాఱునట్లును, ఆ మార్పు మెట్లుగా గాక వాలుగా నుండునట్లును చేసినచో ఈ బాధ తీరును. జోడు ఫ్యానుల విషయమున ఇంకొక సూక్ష్మము కలదు. ఏడు రెక్కల ఫ్యాను నిమిషమునకు 1200 భ్రమణములతో తిరుగునప్పుడు దాని రెక్కలు సెకనుకు 140 మారులు గాలిని తాకును. ప్రక్కదాని వేగము 1209 అయినచో అది 141 మారులగును. ఈ రెండు నాదములు కలిసి సెకనుకొకమారు ఉబ్బి తగ్గుచు ఊగిసలాడును. భౌతికశాస్త్రమున వీనినే విస్పందనములందురు. వేగములను స్పష్టముగా వేఱుపరచినంతనే ఆ ఊగిసలాట అంతరించును.

నా వాదమునకు ప్రతివాదము లేకపోలేదు. చల్లగా నున్న యంత్రము చిరకాలము మన్నునని కొందఱును, హెడ్‌ఫోనులు ధరించినవానికి శబ్దముతో పనియేమని మఱికొందఱును అందురు. మొదటిదానిలో కొంత సత్యము కలదు. అందుకే హద్దు కావలెనన్నాను. కాని ఆ హద్దును నిర్మాతలే తెలిపియున్నారు: ఏఎండీ సంస్థ 2022లో తెచ్చిన రైజెన్ 7000 వర్గపు ప్రాసెసరులలో పెక్కింటికి 95 డిగ్రీలును, ఇంటెల్ వారి పెక్కు ప్రాసెసరులకు 100 డిగ్రీలును గరిష్ఠములు, దానికి చేరువైనప్పుడు అవి తమ వేగమును తామే తగ్గించుకొని రక్షించుకొనును. 75 డిగ్రీల కార్డును 68కి దింపుటకు ఇల్లంతయు మ్రోగించుటలో ఆటకు కలుగు లాభము కంటికి కనబడదు. రెండవ వాదమునందు నాకు సానుభూతి లేదు. హెడ్‌ఫోనులు ఆడువాని చెవులను మాత్రమే కాపాడును. అదే గదిలో చదువుకొను చెల్లెలికి, నిద్రకు తపించు వృద్ధులకు అవి ఏమి మేలు చేయును? పడకగదిలో శబ్దము 30 డెసిబెల్‌లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించినది. మన దేశపు 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతములలో రాత్రివేళకు 45 డెసిబెల్‌లను హద్దు చేసినవి. ఆ నిబంధన వీధికి సంబంధించినది. గదిలోపలికి చట్టము రాదు. గదిలోపల మర్యాదయే చట్టము.

మన వేసవి ప్రత్యేకముగా ఆలోచింపవలసిన విషయము. ఏ ఫ్యానైనను యంత్రమును గదికంటె చల్లగా చేయజాలదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగిన లోపలి భాగములును రమారమి అన్ని డిగ్రీలు పెరుగును. చలిదేశపు పరీక్షాగృహములో 22 డిగ్రీలవద్ద 70 చూపిన కార్డు, రామగుండములోనో రెంటచింతలలోనో 38 డిగ్రీల గదిలో, అదే ఫ్యాను వేగమునకు, 86ను సమీపించును. కావున పరదేశపు పరీక్షల సంఖ్యలను యథాతథముగా నమ్మక, గది ఉష్ణోగ్రతపై ఎన్ని డిగ్రీలు పెరిగినదో లెక్కించుకొనవలెను. వేసవికొక ఫ్యాన్ కర్వ్, శీతకాలమునకొకటి పెట్టుకొనవలెను. అంతకంటె ముఖ్యముగా వేడిని పుట్టుకలోనే తగ్గింపవలెను. సెకనుకు 60 చిత్రములు మాత్రమే చూపు తెరకు కార్డు 140 చిత్రములను తయారుచేసి పంపుట, నలుగురు తిను యింట పదిమందికి వండి పాఱబోయుట వంటిది. చిత్రముల సంఖ్యకు ఆటలోనే పరిమితి విధించినచో, కార్డు గ్రహించు విద్యుత్తునకు కొంత హద్దు పెట్టినచో, ఆటలో తేడా కానరాకయే వేడి చెప్పుకోదగినంత తగ్గును. పుట్టని వేడికి ఫ్యాను అక్కరలేదు. గదిలోని ఏసీ కూడ ఆ మేరకు తేలికపడును.

నా విన్నపము ముగ్గురికి. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి అంగళ్లకు పోవు యువకులారా, పెట్టెను ఎన్నుకొనునప్పుడు దీపముల రంగును చూచుటకు ముందు దాని ముఖమును చేతితో తడిమి చూడుడు. అది జాలియా, గాజుపలకయా తేల్చుకొనుడు. గాలి ఎచ్చటనుండి వచ్చి ఎచ్చటికి పోవునో అమ్మువానిని అడుగుడు. తలిదండ్రులారా, వేలకు వేలు పోసి కొన్న యంత్రమును చెక్క అరలో బంధింపక, నలుమూలల జానెడు చోటు విడువుడు. ఇక నిర్మాతలును, ప్రమాణములను నిర్ణయించువారును: 2023 జనవరి నుండి మన సీలింగు ఫ్యానులకు నక్షత్రముల ముద్ర తప్పనిసరియైనది, ఏ ఫ్యాను ఎంత విద్యుత్తునకు ఎంత గాలినిచ్చునో సామాన్యుడు అంగడిలోనే తెలిసికొనుచున్నాడు. ఇన్ని వాట్ల వేడిని, గదిపై ఇన్ని డిగ్రీలకు మించకుండ, ఇన్ని డెసిబెల్‌ల శబ్దముతో ఈ పెట్టె తొలగింపగలదని ప్రతి కంప్యూటరు పెట్టెపైనను అట్లే ముద్రింపవలెను. ఆ ఒక్క పంక్తి వెలువడిన దినమున గాజు ముఖములు వాటంతట అవే అంగడినుండి తొలగిపోవును.

తెలుగులో నెమ్మది యను మాటకు మెల్లదనమును, మనశ్శాంతియు రెండర్థములు. ఈ విషయమున ఆ రెండును ఒకటే యని నా అనుభవము. శ్రావణమున మరల విజయవాడకు పోయినప్పుడు, మా మేనల్లుడు జాలిముఖము గల పెట్టెను తెచ్చుకొని, మూడు ఫ్యానులను ముందును, ఒకదానిని వెనుకను అమర్చి, అన్నిటిని మెల్లగా త్రిప్పుచు ఆడుకొనుచుండెను. మా అమ్మ మంచము దిగి వచ్చి, ఆ పెట్టె వెనుక అరచేయి చాచి కొంతసేపు నిలుచుండి, "వేడిగాలి బాగా బయటికొస్తోందిరా. ఇప్పుడు దానికి ఊపిరాడుతోంది," అని చెప్పి, పోయి పడుకొనెను. కొంతసేపటికి ఆ గదిలో వినబడినది ఆమె ఊపిరియే.